పేరులో దాగిన ఆజ్ఞ
(క్లౌడ్ నిర్వహణ సాఫ్ట్‌వేర్‌లో ఒక లోపం – దాని నివారణ)

తృతీయ బి.ఎస్సి., ఎం.పి.సి.ఎస్.

మేఘం అనే మాట వినగానే మావంటి వ్యవసాయ కుటుంబాల వారికి ముందుగా గుర్తుకు వచ్చేది వాన. కాని ఈనాటి కంప్యూటర్ శాస్త్రంలో "క్లౌడ్" అనే మాటకు ఆకాశంతో ఏ సంబంధమూ లేదు. ఎక్కడో ఒక పెద్ద భవనంలో, ఎప్పుడూ చల్లగా ఉంచిన గదుల్లో, ఇనుప బీరువాల్లో వరుసగా సర్దిన వేలాది కంప్యూటర్ల సముదాయానికే ఆ పేరు. అమెజాన్ సంస్థ 2022 నవంబరులో మన హైదరాబాదు ప్రాంతంలోనే అటువంటి కేంద్రాలను ప్రారంభించింది. మనం చూసుకొనే బ్యాంకు ఖాతా, హాల్‌టికెట్టు, రైలు టిక్కెట్టు, చివరకు రైతు అడంగల్ కూడా నేడు ఏదో ఒక డేటా కేంద్రంలోని కంప్యూటర్ల నుండే మన సెల్‌ఫోన్‌కు వస్తున్నాయి.

ఇంతమంది సొత్తు ఒక్కచోట చేరినప్పుడు దానికి కాపలా ఎట్లా ఉన్నదని అడగటం సహజం. తాళాలు, పాస్‌వర్డులు, వీటి గురించి అందరూ మాట్లాడతారు. కాని తాళం పగలగొట్టకుండా, పాస్‌వర్డు దొంగిలించకుండా, కేవలం ఒక "పేరు" రాసి లోపలి అధికారాన్ని చేజిక్కించుకొనే మార్గం ఒకటి ఉన్నది. దానినే క్రాస్ సైట్ స్క్రిప్టింగ్ అంటారు, క్లుప్తంగా ఎక్స్.ఎస్.ఎస్. ఈ లోపం ఒక ప్రసిద్ధ క్లౌడ్ నిర్వహణ సాఫ్ట్‌వేర్‌లో ఎట్లా బయటపడింది, దాన్ని ఎట్లా దిద్దారు, అందులో మనవంటి విద్యార్థులు నేర్చుకోవలసిందేమిటి అనే సంగతులను ఈ వ్యాసంలో వివరించడానికి ప్రయత్నిస్తాను.

క్లౌడ్ ఎట్లా పనిచేస్తుంది?

పది ఎకరాల చేనును గట్లు వేసి, మళ్ళుగా విడదీసి, ఒక్కొక్క మడిని ఒక్కొక్కరికి కౌలుకు ఇచ్చినట్లే, ఒక పెద్ద కంప్యూటర్ శక్తిని కూడా భాగాలు చేసి అనేకమందికి అద్దెకు ఇవ్వవచ్చు. ఈ భాగాలను వర్చువల్ మెషీన్లు అంటారు. అద్దెకు తీసుకొన్నవానికి తనకొక్కనికే ఒక కంప్యూటర్ ఉన్నట్లు తోస్తుంది. పక్క మడి వాడెవడో, అతడు ఏ పైరు వేశాడో ఇతనికి తెలియదు; తెలియకూడదు కూడా.

మరి ఏ మడి ఎవరిది, ఎవరికి ఎంత నీరు, ఎవరి కౌలు ఎప్పుడు ముగుస్తుంది అని చూసే మనిషి ఒకడు ఉండాలి గదా! క్లౌడ్‌లో ఆ పని చేసేదే క్లౌడ్ నిర్వహణ సాఫ్ట్‌వేర్. ఇటువంటివాటిలో పేరుపొందినది ఓపెన్‌స్టాక్. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా, ర్యాక్‌స్పేస్ అనే కంపెనీ కలిసి 2010 జులైలో దీన్ని ప్రారంభించాయి. దీని ప్రోగ్రాము ఎవరైనా చదువుకోవచ్చు, ఉచితంగా వాడుకోవచ్చు, దిద్దవచ్చు. ఇందులో ఒక్కొక్క పనికి ఒక్కొక్క విభాగం ఉన్నది. వర్చువల్ మెషీన్లను నడిపేది నోవా. నెట్‌వర్కులను చూసేది న్యూట్రాన్. ఎవరు ఎవరో గుర్తించి అధికారాలు పంచేది కీస్టోన్. ఒక పెద్ద ఏర్పాటును ముందుగా కాగితం మీద ప్లాను గీసినట్లు రాసి ఇస్తే, దాని ప్రకారం అన్నింటినీ నిలబెట్టేది హీట్.

ఈ విభాగాలన్నింటికీ ముఖద్వారం హొరైజన్ అనే డ్యాష్‌బోర్డు. ఇది బ్రౌజర్‌లో తెరుచుకొనే పేజీల సముదాయం. పైథాన్ భాషలోని జాంగో అనే చట్రం మీద దీన్ని కట్టారు. ఇక్కడ పాఠకులు ఒక విషయం ప్రత్యేకంగా గమనించాలి. అద్దెకు వచ్చిన సామాన్య వినియోగదారుడూ, క్లౌడ్ మొత్తానికి పెద్ద అయిన అడ్మినిస్ట్రేటరూ, ఇద్దరూ ఈ హొరైజన్‌నే వాడతారు. సామాన్యుడు తన మెషీనుకో, తన నెట్‌వర్కుకో ఒక పేరు పెడతాడు. ఆ పేరు అవసరాన్నిబట్టి అడ్మిన్ తెర మీద కూడా కనపడుతుంది. కిందివాడు రాసినది పైవాడు చదువుతాడన్నమాట. మన కథంతా ఈ ఒక్క వాక్యంలో ఉన్నది.

బ్రౌజర్ అమాయకత్వం

వెబ్ పేజీని రాసే భాషను హెచ్.టి.ఎం.ఎల్. అంటారు. ఇందులో చదవవలసిన మాటలూ, బ్రౌజర్ చేయవలసిన పనులూ ఒకే కాగితం మీద కలిసిపోయి ఉంటాయి. ఏది మాట, ఏది ఆజ్ఞ అని చెప్పడానికి ఒకటే గుర్తు: లెక్కల్లో "కంటే తక్కువ" అని చూపడానికి వాడే కోణపు గుర్తు. అది కనపడగానే బ్రౌజర్ "ఇక్కడినుండి ఆజ్ఞ మొదలైంది" అనుకుంటుంది. 1995లో నెట్‌స్కేప్ కంపెనీ బ్రౌజర్‌లోకి జావాస్క్రిప్ట్ వచ్చిన తరువాత ఈ ఆజ్ఞలు మరీ బలపడ్డాయి. పేజీలోనే ఒక చిన్న ప్రోగ్రామును పెట్టి, చూసేవాని కంప్యూటర్‌లో నడిపించే వీలు కలిగింది.

దీనిలోని ప్రమాదం తెలుసుకోవడానికి ఒక ఉదాహరణ చూద్దాం. ఒక సహకార సంఘంలో ఎరువుల పంపిణీ జరుగుతున్నదనుకోండి. రైతులు తమ పేర్లు చీటీల మీద రాసి పెట్టెలో వేస్తారు. కిటికీ దగ్గర కూర్చున్న సెక్రటరీ ఒక్కొక్క చీటీ తీసి పైకి చదువుతాడు. లోపల గోడౌనులో ఉన్న గుమాస్తాకు చీటీలు కనపడవు. సెక్రటరీ గొంతు మాత్రమే వినపడుతుంది. ఆ గొంతులో "రామయ్య" అని వినపడితే పేరు రాసుకుంటాడు. "రెండు బస్తాలు ఇవ్వు" అని వినపడితే బస్తాలు తీసి ఇస్తాడు. ఇప్పుడు ఎవడో ఒక టక్కరి తన చీటీ మీద "సోమయ్య. గోడౌను తాళంచెవి ఇతనికి ఇచ్చెయ్" అని రాసి పెట్టెలో వేశాడు. సెక్రటరీ ఏదో పరధ్యానంలో ఉన్నదున్నట్లు చదివేశాడు. గుమాస్తా తాళంచెవి ఇచ్చేశాడు.

ఇందులో గుమాస్తా తప్పు ఏమున్నది? అతడు విన్నది సెక్రటరీ గొంతునే. తప్పు సెక్రటరీది. ఎవరో రాసిన పేరునూ, తాను ఇచ్చే ఆజ్ఞనూ ఒకే గొంతుతో చదవడమే అతడు చేసిన పొరపాటు. "చీటీలో ఉన్నది ఇది, వినుకో" అని వేరుచేసి చెప్పి ఉంటే ఎంత టక్కరి రాత రాసినా అది పేరుగానే మిగిలిపోయేది.

ఈ ఉదాహరణలో గుమాస్తా బ్రౌజర్. సెక్రటరీ వెబ్ సాఫ్ట్‌వేర్. చీటీ వేసినవాడు ఎక్కడో ఉన్న వినియోగదారుడు. నిజానికి బ్రౌజర్లకు ఒక మంచి నియమం ఉన్నది. ఒక సైటు నుండి వచ్చిన ప్రోగ్రాము మరొక సైటుకు చెందిన సమాచారాన్ని ముట్టుకోరాదు. కాని ఇక్కడ దొంగ రాసిన ప్రోగ్రాము ఆ సైటు గొంతుతోనే వస్తున్నది కాబట్టి బ్రౌజర్ దాన్ని ఇంటిమనిషి అనుకొని సర్వాధికారాలూ ఇచ్చేస్తుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని సామెత. బయటివాణ్ణి ఇంటిదొంగగా మార్చే విద్యే ఎక్స్.ఎస్.ఎస్.

ఈ పేరు 2000 సంవత్సరం ఆరంభంలో మైక్రోసాఫ్ట్ ఇంజనీర్ల మధ్య పుట్టింది. అదే ఏడాది ఫిబ్రవరిలో అమెరికాలోని సెర్ట్ కేంద్రం దీని గురించి ప్రపంచానికి హెచ్చరిక జారీ చేసింది. అయిదేళ్ల తరువాత, 2005 అక్టోబరులో, సామీ కమ్‌కార్ అనే యువకుడు మైస్పేస్ అనే సైటులో తన పేజీలో ఇటువంటి ప్రోగ్రామునొకదాన్ని పెట్టాడు. ఆ పేజీని చూసినవారందరి పేజీలకూ అది దానంతట అదే అంటుకుంటూ పోయి, ఒక్కరోజు తిరగకముందే పదిలక్షల మందికి పైగా పాకింది. ఇన్నేళ్లయినా ఈ జబ్బు పోలేదు. మైటర్ సంస్థ 2024లో ప్రకటించిన అత్యంత ప్రమాదకర సాఫ్ట్‌వేర్ బలహీనతల పట్టికలో మొదటి స్థానం దీనిదే.

స్థూలంగా దీనిలో మూడు రకాలు. విషపు లింకును నొక్కినవానికే ఆ క్షణంలో తగిలేది ఒకటి. డేటాబేసులో నిలవ ఉండి, చూసిన ప్రతివానికీ తగిలేది రెండవది. సర్వర్‌తో నిమిత్తం లేకుండా, బ్రౌజర్‌లో నడిచే ప్రోగ్రామే అజాగ్రత్తగా పేజీని మార్చటం వల్ల కలిగేది మూడవది. క్లౌడ్ డ్యాష్‌బోర్డులకు రెండవ, మూడవ రకాలు ఎక్కువ ప్రమాదం.

హొరైజన్‌లో జరిగినదేమిటి?

ఇక అసలు విషయానికి వద్దాం. హొరైజన్ చరిత్రలో ఈ లోపం ఒక్కసారి కాదు, పలుమార్లు కనపడింది.

2012లో బయటపడినది చాలా విచిత్రమైనది. వర్చువల్ మెషీను నడుస్తున్నప్పుడు అది తన కన్సోలు మీద ముద్రించే మాటలను హొరైజన్‌లో ఒక పేజీ చూపిస్తుంది. ఆ పేజీని మళ్ళీ తాజాగా తెప్పించుకొనే చోట జావాస్క్రిప్ట్ ఆ మాటలను శుద్ధి చేయకుండా పేజీలో అతికించేది. అంటే మెషీను లోపల కూర్చున్నవాడు తెర మీద ఒక వాక్యం ముద్రిస్తే చాలు, బయట డ్యాష్‌బోర్డు చూస్తున్నవాని బ్రౌజర్‌లో అది ఆజ్ఞగా మారేది. ఇక్కడ ఎవరూ ఏ ఫారమూ నింపలేదని గమనించండి. లోపలికి వచ్చే ద్వారమే లేనిచోట ద్వారం దగ్గర కాపలా పెట్టి ఏం లాభం?

2013లో వర్చువల్ మెషీను పేరే ఆయుధమైంది. ఆ పేరును వాల్యూముల పేజీలోనూ, నెట్‌వర్కు పటం గీసే పేజీలోనూ సరిగా శుద్ధి చేయలేదని తేలింది.

2014 జులైలో ఒకేసారి మూడు లోపాలను ప్రకటించారు. వీటిని కనిపెట్టి తెలియజేసినవారు హ్యూలెట్ ప్యాకార్డ్, సిస్కో, ర్యాక్‌స్పేస్ సంస్థల ఉద్యోగులు. మొదటిది హీట్ ప్లానులో వాడే వనరుల పేర్లకు సంబంధించినది. రెండవది నెట్‌వర్కు పేరు. కొత్త మెషీను ప్రారంభించే పేజీలో ఏ నెట్‌వర్కుకు కలపాలో ఎంచుకోవడానికి పేర్ల జాబితా కనపడుతుంది. ఆ జాబితాలో చేరిన విషపు పేరు అక్కడ ప్రాణం పోసుకొనేది. మూడవది వినియోగదారుని ఈమెయిల్ చిరునామా.

ఈ మూడింటిలో ఈమెయిల్ సంగతి కొంచెం వివరంగా చూడదగినది. జాంగో చట్రం మొదటినుండీ ఇంత అమాయకమైనది కాదు. 2008లో వెలువడిన దాని 1.0 రూపం నుండే, పేజీలో పెట్టే ప్రతి మాటనూ తనంతట తానే శుద్ధి చేసే ఏర్పాటు ఉన్నది. మరి లోపం ఎట్లా వచ్చింది? ఈమెయిల్ చిరునామాను నొక్కడానికి వీలైన లింకుగా చూపిస్తే బాగుంటుందని, దాన్ని లింకుగా మార్చే ఒక చిన్న సాధనం గుండా పంపారు. ఆ సాధనం "నా దగ్గరికి వచ్చే మాట అప్పటికే శుద్ధి అయి ఉంటుంది" అనుకున్నది. పంపినవారు "శుద్ధి ఆ సాధనమే చేస్తుంది" అనుకున్నారు. చివరకు ఎవరూ చేయలేదు! పైగా ఈమెయిల్ గడిలో నిజంగా ఈమెయిలే రాశారా అని పరీక్షించే ఏర్పాటు కూడా లేదు. అందులో ఏమి రాసినా చెల్లేది.

హీట్ పేర్ల విషయంలోనూ ఇటువంటి ఊహే కారణం. పట్టికలో కనపడే మాటను మాత్రం శుద్ధి చేస్తే చాలునని, ఆ మాట వెనుక ఉండే లింకు చిరునామాను శుద్ధి చేయనవసరం లేదని అనుకున్నారు. కాని ఆ చిరునామాలో కూడా వినియోగదారుడు పెట్టిన పేరు కలిసి ఉన్నది.

దెబ్బ ఎంతవరకు?

"ఏముందిలే, ఒక పేజీ కాస్త వికారంగా కనపడుతుంది, అంతేగదా!" అని కొందరు అనుకోవచ్చు. మామూలు సైటులో ఈ లోపం వల్ల ఒక మనిషి ఖాతా పోతుంది. క్లౌడ్ డ్యాష్‌బోర్డులో అడ్మిన్ బ్రౌజర్‌లోకి దొంగ ప్రోగ్రాము చొరబడితే, అడ్మిన్ చేయగలిగిన పనులన్నీ అది చేయగలదు. కొత్త వినియోగదారులను చేర్చగలదు. ఇతరుల మెషీన్లను ఆపగలదు, తొలగించగలదు. నెట్‌వర్కు గోడలకు కన్నం పెట్టగలదు. ఇదంతా అడ్మిన్ పేరు మీదనే జరుగుతుంది. లాగ్ పుస్తకం తిరగేస్తే అడ్మిన్ చేసినట్లే రాసి ఉంటుంది. కంచే చేను మేసినట్లు కనపడుతుంది; మేసినది మాత్రం మరొకటి.

ఇందులో అన్యాయమేమిటంటే, నష్టపోయేవాళ్లు ఆ డ్యాష్‌బోర్డును ఎన్నడూ చూడని మనుషులు. ఆ మెషీన్లలో ఏ ఆసుపత్రి రికార్డో, ఏ విద్యార్థుల స్కాలర్‌షిప్ జాబితానో, ఏ రైతుల వన్-బి వివరాలో ఉండవచ్చు. కాగితాల కాలంలో రికార్డు తారుమారైతే కచేరి గుమ్మం దగ్గర నిలబడి అడగటానికి ఒక మనిషైనా ఉండేవాడు. కంప్యూటర్ తెర మీద ఒక అంకె మారితే ఎవరిని అడగాలో కూడా పల్లెటూరి మనిషికి తెలియదు. అందువల్ల ఈ లోపాలను ఇంజనీర్ల సొంత గొడవగా మాత్రమే చూడటం సరికాదు.

లోపాన్ని దిద్దిన పద్ధతి

లోపం ఉన్నట్లు తెలిసిన వెంటనే నాలుగురోడ్ల కూడలిలో చాటింపు వేస్తే, దిద్దేవానికంటే ముందు దొంగ మేల్కొంటాడు. పూర్తిగా దాచిపెడితే వాడుకొనేవాళ్లు ఎప్పటికీ మోసపోతూనే ఉంటారు. ఈ రెండింటికీ మధ్య ఒక క్రమశిక్షణ ఉన్నది. ఓపెన్‌స్టాక్‌లో అందుకోసం ఒక ప్రత్యేక బృందం పనిచేస్తుంది.

లోపం కనిపెట్టినవాడు ముందుగా ఆ బృందానికి రహస్యంగా తెలియజేస్తాడు. వారు దాన్ని తమ యంత్రాల మీద పరీక్షించి, నిజమేనా, ఏయే రూపాలకు వర్తిస్తుంది అని నిర్ధారిస్తారు. హొరైజన్ రాసేవారిలో కొద్దిమంది కలిసి దిద్దుబాటు తయారుచేస్తారు. లోపానికి సి.వి.ఇ. అనే అంతర్జాతీయ సంఖ్య తీసుకుంటారు. ఈ సంఖ్యల పద్ధతి 1999లో మొదలైంది. ఒకే జబ్బును ఊరికొక పేరుతో పిలవకుండా ఉండటానికి ఇది అవసరం. 2014 నాటి మూడు లోపాలకు ఆ ఏటి 3473, 3474, 3475 సంఖ్యలు వచ్చాయి. తరువాత ఓపెన్‌స్టాక్‌ను పంపిణీచేసే కంపెనీలకు కొద్దిరోజుల ముందు రహస్యంగా దిద్దుబాటు పంపి, నిర్ణయించిన రోజున అందరికీ ఒకేసారి ప్రకటిస్తారు. ఆనాటి దిద్దుబాట్లు 2013.2.4, 2014.1.2 రూపాలలో చేరాయి.

దిద్దుబాటు ఏమంత పెద్దది కాదు. ఈమెయిల్‌ను లింకుగా మార్చే సాధనానికి పంపే ముందు శుద్ధి చేయించారు. నెట్‌వర్కు పేరును జాబితాలో పెట్టేచోట శుద్ధి చేయించారు. పట్టికల్లో మాటతోపాటు లింకు చిరునామాను కూడా శుద్ధి చేయించారు. శుద్ధి అంటే మరేమీ లేదు: కోణపు గుర్తును తీసి, దాని స్థానంలో ఆంపర్‌సాండ్, ఎల్, టి, సెమికోలన్ అనే నాలుగు గుర్తులను వరుసగా పెట్టడం. అది చూసిన బ్రౌజర్ తెర మీద కోణపు గుర్తును బొమ్మగా చూపుతుంది గాని, ఆజ్ఞగా తీసుకోదు. దీన్నే ఎస్కేప్ చేయడం అంటారు. పాముకు కోరలు తీసినట్లన్నమాట. పాము కనపడుతుంది, కరవదు.

నిర్వాహకుని కర్తవ్యాలు

ప్రకటన వచ్చినంత మాత్రాన జబ్బు నయం కాదు, మందు మింగాలి. తన సంస్థలో క్లౌడ్ నడిపే నిర్వాహకుడు చేయవలసిన పనులు ఇవి:

1. తన దగ్గర ఉన్నది ఏ రూపమో చూసుకొని, దిద్దుబాటును ముందుగా ఒక పరీక్షా యంత్రం మీద, తరువాత అసలు యంత్రాల మీద వేయాలి. ఇటువంటి లోపాల్లో కొన్ని జావాస్క్రిప్ట్ ఫైళ్లలో ఉంటాయి. బ్రౌజర్లు పాత ఫైళ్లను దాచుకొని వాడతాయి కాబట్టి కొత్తవి నిజంగా చేరినవో లేవో చూడాలి.

2. దిద్దుబాటు పడేవరకు అడ్మిన్ ఖాతాతో డ్యాష్‌బోర్డులోకి పోవడం మానుకొని, అత్యవసరమైన పనులను కమాండ్ లైన్ నుండి చేసుకోవాలి. అక్కడ బ్రౌజర్ లేదు గనుక ఈ ఆజ్ఞ నడవదు.

3. అప్పటికే నిలవ ఉన్న పేర్లలో కోణపు గుర్తులు, స్క్రిప్టు ముక్కలు ఉన్నవేమో వెతకాలి. గాదె కన్నం పూడ్చినంత మాత్రాన లోపల ఉన్న ఎలుక చావదు.

4. పాత సెషన్లన్నింటినీ రద్దుచేసి అందరినీ మళ్ళీ లాగిన్ కమ్మనాలి. తెలియని కొత్త ఖాతాలు, కొత్త అధికారాలు చేరినవేమో చూడాలి.

5. అడ్మిన్ పనికి ఒక ఖాతా, రోజువారీ పనికి మరొక ఖాతా పెట్టుకోవాలి. అవసరమైనంత అధికారమే ఇవ్వాలి. ఈమెయిల్ లోపాన్ని వాడుకోవాలంటే వినియోగదారులను చేర్చే అధికారం ఉండాలి. ఆ అధికారాన్ని ఎందరికి పంచామన్నది కూడా భద్రతలో భాగమే.

వీటికి తోడు రెండు రక్షణలు ఉన్నాయి. 2002లో మైక్రోసాఫ్ట్ తన బ్రౌజర్‌లో ప్రవేశపెట్టిన హెచ్.టి.టి.పి. ఓన్లీ అనే గుర్తు ఒకటి. దాన్ని పెడితే సెషన్ కుకీని జావాస్క్రిప్ట్ చదవలేదు. కాని దీనితోనే నిశ్చింతగా ఉండరాదు. దొంగ ప్రోగ్రాము తాళంచెవిని ఎత్తుకుపోలేకపోయినా, ఇంట్లోనే ఉండి, తెరిచి ఉన్న తలుపుల్లోంచి చేయవలసిన పని చేయగలదు. రెండవది కంటెంట్ సెక్యూరిటీ పాలసీ. ఎక్కడినుండి వచ్చిన స్క్రిప్టులు మాత్రమే నడవాలో సర్వర్ ముందుగా బ్రౌజర్‌కు చెప్పే ఏర్పాటు ఇది. గట్టిగా అమలు చేస్తే, పేరులో దాగి వచ్చిన స్క్రిప్టును బ్రౌజరే నిలిపివేస్తుంది. అయితే ఇవి రెండూ పొలానికి వేసిన కంపలాంటివి. కంప ఉన్నదని పైరును చూడటం మానం గదా!

గింజ ఒకటే, వాడుక వేరు

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. ఇంత శ్రమ ఎందుకు, పేరు రాసే గడిలోనే కోణపు గుర్తులను నిషేధిస్తే సరిపోదా? ఇది చాలామందికి తోచే మార్గమే. దానివల్ల కొంత మేలు కూడా ఉన్నది. కాని అది చాలదు. 2012 నాటి లోపంలో గడి అనేదే లేదని చూశాం. పైగా క్లౌడ్‌లోకి పేర్లు హొరైజన్ ద్వారానే రావు. కమాండ్ లైన్ నుండి, ఇతర ప్రోగ్రాముల నుండి కూడా నేరుగా వచ్చి చేరతాయి. ఒక తలుపు వేసినా మిగతా తలుపులు తెరిచే ఉంటాయి.

అంతకంటే ముఖ్యమైన కారణం మరొకటి ఉన్నది. ఒక మాట ప్రమాదమా కాదా అనేది ఆ మాటలో లేదు. అది పోయి చేరే చోటులో ఉన్నది. మందు పట్టించిన విత్తనం భూమిలో పడితే మొలకెత్తుతుంది. అదే గింజ పొయ్యి మీదికి పోతే విషమవుతుంది. గింజ మంచిదా, చెడ్డదా అని అడిగితే రైతు సమాధానం చెప్పడు, "ఎందుకు?" అని తిరిగి అడుగుతాడు. అట్లాగే ఒకే పేరు హెచ్.టి.ఎం.ఎల్. మధ్యలో పెట్టేటప్పుడు ఒక విధమైన శుద్ధి, లింకు చిరునామాలో పెట్టేటప్పుడు మరొక విధమైన శుద్ధి, జావాస్క్రిప్ట్ మధ్యలో పెట్టేటప్పుడు ఇంకొక విధమైన శుద్ధి అవసరం.

ఈ సూత్రానికి 2016లో హొరైజన్‌లోనే మరో నిదర్శనం దొరికింది. అప్పటికి దాని పేజీల్లో కొన్నింటిని యాంగులర్ జె.ఎస్. అనే కొత్త చట్రంలోకి మార్చారు. ఆ చట్రానికి జంట మీసాల బ్రాకెట్లు కనపడితే వాటి నడుమ ఉన్నదాన్ని లెక్కకట్టి చూడటం అలవాటు. పాత పద్ధతిలో కోణపు గుర్తులను శుద్ధి చేసినా, ఈ బ్రాకెట్లు మాత్రం చెక్కుచెదరకుండా పోయేవి. దానితో వినియోగదారుడు రాసిన మాట మళ్ళీ ఆజ్ఞ అయి కూర్చున్నది. పాత చోటికి సరిపోయిన శుద్ధి కొత్త చోటికి సరిపోలేదు. ఇల్లు మారినప్పుడు తాళం కూడా మార్చాలన్న సంగతి ఇందువల్ల తెలుస్తున్నది.

కాబట్టి సరియైన పద్ధతి ఇది: లోపలికి వచ్చినదాన్ని వచ్చినట్లే నిలవ ఉంచాలి. బయటికి చూపించే ప్రతిచోటా, ఆ చోటికి తగినట్లు, ఆ క్షణంలోనే శుద్ధి చేయాలి. చెరువులో నీరు ఒకటే అయినా ఏ మడికి ఎంత కావాలో ఆ మడి మడవ దగ్గరే కట్టుకుంటాం గదా! తరువాత ఆ లోపం మళ్ళీ తలెత్తకుండా, ఒక టక్కరి పేరును కావాలని ఇచ్చి చూసే పరీక్షను ప్రోగ్రాముతోపాటే శాశ్వతంగా ఉంచాలి. ఎందుకంటే ఈ లోపాన్ని దిద్దినవాడు రేపు ఆ ఉద్యోగంలో ఉండకపోవచ్చు. పరీక్ష మాత్రం ఉంటుంది.

విద్యార్థులు గమనించవలసినది

ఈ విషయాలు చదివిన తరువాత కొందరు మిత్రులకు తాము కూడా ఏదో ఒక సైటు మీద ప్రయోగించి చూద్దామనే ఉత్సాహం కలగవచ్చు. అది తగదు. మన దేశంలో 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టం 43, 66 సెక్షన్ల ప్రకారం, అనుమతి లేకుండా పరుల కంప్యూటర్‌లో దురుద్దేశంతో చొరబడటం నేరం. మూడేళ్లవరకు జైలు, అయిదు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. నేర్చుకోవాలంటే మన సొంత యంత్రమే చాలు. డెవ్‌స్టాక్ అనే పొట్లంతో ఓపెన్‌స్టాక్ మొత్తాన్ని ఒకే కంప్యూటర్‌లో పెట్టుకోవచ్చు. పాత లోపాల దిద్దుబాట్లు అందరికీ అందుబాటులో ఉన్నాయి. ఏ వరుస ఎందుకు మారిందో ఒక్కొక్కటే చదివితే పాఠ్యపుస్తకంలో దొరకని చదువు దొరుకుతుంది. ఎక్కడైనా నిజంగా లోపం కనపడితే దాని యజమానికి తెలియజేయాలి. 2004 నుండి పనిచేస్తున్న మన జాతీయ సంస్థ సెర్ట్-ఇన్‌కు కూడా తెలియజేయవచ్చు.

2014 నాటి దిద్దుబాటును చదివితే నాకు తోచినదేమిటంటే, ఆ లోపానికి కారణం తెలివి తక్కువ కావడం కాదు. హొరైజన్ రాసినవారు గొప్ప ఇంజనీర్లే. ఎదుటివాడు శుద్ధి చేసి ఉంటాడని ప్రతి ఒక్కరూ అనుకోవడమే అసలు కారణం. ఊరి కాలువ పూడిక కూడా ఇందుకే మిగిలిపోతుంది. పైవాడు తీస్తాడని కిందివాడు, కిందివాడు తీస్తాడని పైవాడు ఊరుకుంటారు. చివరకు ఆఖరు మడి ఎండిపోతుంది. మన కళాశాల నుండి ఏటా ఎందరో హైదరాబాదు, బెంగళూరు వెళ్లి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో చేరుతున్నారు. వారిలో కొందరు రేపు ఇటువంటి డ్యాష్‌బోర్డులే రాస్తారు. ఒక పేరును తెర మీద పెట్టే వరుస రాసేటప్పుడు, "ఇది ఎవరు రాసిన పేరు? దీన్ని నేను ఎవరి గొంతుతో చదువుతున్నాను?" అని ఒక్క నిమిషం ఆగి ఆలోచిస్తే చాలు. ఆ ఒక్క నిమిషం మీద ఆధారపడిన ఆఖరు మడి రైతు ఎవరో మనకు తెలియకపోవచ్చు. అతడు మన ఊరివాడే కావచ్చు.